లోతు వేరు, బరువు వేరు: ప్లస్ టూ ఆఖరి ఏటి చదువుపై ఒక సమీక్ష

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన, కడలూరు రోడ్డు మీద, అరియాంకుప్పం ఏటికి చేరువలో ఉన్న మురుంగపాక్కం చుట్టూ కొద్ది కిలోమీటర్ల మేర గిరి గీస్తే, పదిహేడేళ్ల వయసువారికి ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి అన్న ప్రశ్నకు ఒకదానితో ఒకటి పొసగని నాలుగు జవాబులు ఆ గిరిలోనే దొరుకుతాయి. ప్రభుత్వ పాఠశాలలు ఇటీవల సిబిఎస్‌ఈ పాఠ్యప్రణాళికలోకి మారగా, పలు ప్రైవేటు పాఠశాలలు తమిళనాడు రాష్ట్ర పాఠ్యప్రణాళికలోనే కొనసాగుతున్నాయి. 1826లో స్థాపితమైన ఫ్రెంచి లీసే తన విద్యార్థులను ఫ్రాన్సు దేశపు బాకలోరియా పరీక్షకు తయారు చేస్తుండగా, అరవిందాశ్రమ అంతర్జాతీయ విద్యాకేంద్రం పరీక్షలూ పట్టాలూ లేని చదువును దశాబ్దాలుగా నడుపుతోంది. ఇదే కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన, గోదావరి ఒడ్డునున్న తెలుగు యానాం చాలాకాలం ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ పద్ధతిని అనుసరించింది కనుక, అయిదో జవాబును కూడా ఈ పరిధిలోకి తీసుకోవచ్చు. ఆఖరి ఏటి చదువు కఠినంగా ఉండాలా, తేలికగా ఉండాలా అన్న చర్చ తెలుగునాట నలభై ఏళ్లుగా సాగుతూ ఎంతగా చిక్కుపడిందంటే, వాదించేవారిలో చాలామంది ఒకే మాటను రెండు వేర్వేరు అర్థాల్లో వాడుతున్న సంగతి కూడా మరుగున పడిపోయింది. ఆ చిక్కుముడి పోగులను విడదీసి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాటల్లోని చిక్కు

చదువులో ‘లోతు’ అంటే విద్యార్థి బుద్ధిని ఏ స్థాయి ఆలోచనకు పిలుస్తున్నారన్నది: సూత్రాన్ని అప్పజెప్పమంటున్నారా, అది ఎందుకు నిజమో రుజువు చేయమంటున్నారా, మునుపెన్నడూ చూడని సమస్యకు దాన్ని అన్వయించమంటున్నారా అన్న తేడా. ‘బరువు’ అంటే ఆ పనికి పట్టే గంటలు, పేజీలు, పరీక్షల సంఖ్య. ఈ రెండూ ఒకటి పెరిగితే మరొకటి పెరిగే జంటలని సాధారణంగా అనుకుంటారు గాని, అవి విడివిడిగా కదలగలవు. బిట్ల పుస్తకాన్ని నాలుగుసార్లు తిరగేయడం బరువైన పనే కాని అందులో లోతు లేదు. ఒక్క రేఖాగణిత సమస్య మీద ఒక సాయంత్రమంతా కూర్చోవడంలో లోతుంది, బరువు తక్కువ.

అభ్యసన మనస్తత్వ శాస్త్రం ఈ తేడాకు ఒక ఆధారాన్ని సమకూర్చింది. 1988లో జాన్ స్వెల్లర్ ప్రతిపాదించిన ‘జ్ఞానభార సిద్ధాంతం’, అంటే ఒకేసారి మనసులో నిలుపుకొని ఆలోచించగల విషయాలకు పరిమితి ఉందన్న భావన మీద నిలబడిన సిద్ధాంతం, కాలక్రమంలో విస్తరించి, విషయంలోనే సహజంగా ఉన్న కష్టాన్నీ, దాన్ని అందించే తీరువల్ల అనవసరంగా పుట్టే కష్టాన్నీ వేరుచేసి చూపింది. మొదటిది లేకపోతే నేర్చుకోవడమే ఉండదు. రెండోది ఎంత తగ్గితే అంత మేలు. రాబర్ట్ బ్యోర్క్ ‘వాంఛనీయమైన కష్టాలు’ అని పేరుపెట్టినవి, ఉదాహరణకు చదివినదాన్ని కొంత విరామం తరువాత పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం వంటివి, ఆ క్షణాన కష్టమనిపించినా జ్ఞానాన్ని నిలుపుతాయి. కాబట్టి కష్టమంతా హాని కాదు, సులువంతా మేలు కాదు. ఈ వివేచన లేకుండా ‘భారం తగ్గించాలి’ అన్నా ‘ప్రమాణాలు పెంచాలి’ అన్నా, ఏ కష్టం గురించి మాట్లాడుతున్నారో తేలదు.

రెండు దారుల చరిత్ర

ఆంధ్రప్రదేశ్‌లో ప్రీ యూనివర్సిటీ చదువు స్థానంలో 1969-70లో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. 1971 చట్టంతో ఇంటర్మీడియట్ విద్యామండలి ఏర్పడింది. తమిళనాడు 1978లో ప్లస్ టూ ప్రవేశపెట్టినప్పుడు దాన్ని ఉన్నత పాఠశాలలకే జోడించగా, ఆంధ్రప్రదేశ్‌లో అది జూనియర్ కళాశాల అనే వేరే గూటికి చేరింది. పాలనాపరమైన చిన్న తేడాగా కనిపించే ఈ నిర్ణయం ప్రభావం సుదీర్ఘమైనది. పాఠశాలలో ఉన్న విద్యార్థికి ఆటల పీరియడూ, చిన్న తరగతుల సందడీ, పదేళ్లుగా తెలిసిన ఉపాధ్యాయులూ మిగిలి ఉంటారు. జూనియర్ కళాశాలకు వెళ్లినవాడికి రెండేళ్ల గడువూ ఒక ర్యాంకు లక్ష్యమూ తప్ప మరే వాతావరణమూ లేని చోటు దక్కే అవకాశం ఎక్కువ.

క్యాపిటేషన్ ఫీజులను నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1983లో చేసిన చట్టం వృత్తివిద్యా కోర్సుల ప్రవేశాలను ఉమ్మడి ప్రవేశపరీక్ష వైపు నడిపించింది. డబ్బున్నవాడికి సీటు అన్న అన్యాయాన్ని అడ్డుకోవడానికి వచ్చిన ఈ సంస్కరణే, ఎంసెట్ రూపం దాల్చాక, విజయవాడ, గుంటూరు, హైదరాబాదుల్లో రెసిడెన్షియల్ కళాశాలల విస్తరణకు నేల సిద్ధం చేసిందన్నది చరిత్రలోని ఒక వక్రగతి. ఇంటర్ సిలబస్సూ ఎంసెట్ సిలబస్సూ దాదాపు ఒకటే. అయినా ఒకటి మూడు గంటల్లో వివరణాత్మక జవాబులు రాయమంటే, మరొకటి నిమిషానికొక బిట్టు చొప్పున గురిచూడమంది. ఒకే పాఠాన్ని రెండు రకాలుగా రెండుసార్లు చదవవలసి రావడం, ‘స్టడీ అవర్స్’ పేరిట తెల్లవారుజాము మొదలు రాత్రి పొద్దుపోయేదాకా సాగే దినచర్య, వారాంతపు పరీక్షలు, అప్పటికీ ర్యాంకు రాకపోతే మరో ఏడాది ‘లాంగ్ టర్మ్’: ఇవన్నీ ఈ ద్వంద్వం నుంచి పుట్టినవే.

తమిళనాడు మరో దారి పట్టింది. 2006లో చట్టం చేసి ఇంజినీరింగు, వైద్యవిద్యలకు ప్రవేశపరీక్షను తొలగించి ప్లస్ టూ మార్కులనే ఆధారం చేసుకుంది. పుదుచ్చేరిలో కేంద్రీకృత ప్రవేశాల కమిటీ సెంటాక్ జరిపే ఇంజినీరింగు ప్రవేశాలూ ప్లస్ టూ మార్కుల మీద ఆధారపడేవే. అక్కడ రెండు చదువుల బాధ తగ్గినా మరో వికారం తలెత్తింది: ప్లస్ వన్ పాఠాలను పక్కనపెట్టి, రెండేళ్లూ ప్లస్ టూ పుస్తకాన్నే వల్లె వేయించే అలవాటు పాఠశాలల్లో పాతుకుపోయింది. దీనికి విరుగుడుగా 2017-18లో ప్లస్ వన్‌కు కూడా పబ్లిక్ పరీక్ష పెట్టి, మొత్తం మార్కులను 1200 నుంచి 600కు తగ్గించారు. 2025 ఆగస్టులో విడుదలైన రాష్ట్ర విద్యావిధానం ఆ ప్లస్ వన్ పరీక్షను మళ్లీ తీసివేసింది. అదే ఏడాది జనవరిలో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ మండలి మొదటి సంవత్సరపు పబ్లిక్ పరీక్షలను రద్దుచేద్దామని ప్రతిపాదించి, అభిప్రాయాలు సేకరించిన తరువాత వెనక్కి తగ్గింది.

పక్కపక్క రాష్ట్రాలు ఒకే పరీక్ష విషయంలో ఎదురెదురు నిర్ణయాలకు రావడం వెనుక ఒక నిజమైన సందిగ్ధం ఉంది. మొదటి ఏటి పరీక్ష ఉంటే ఆ ఏటి పాఠం బతుకుతుంది, రెండో ఏటి మీది పోటు తగ్గుతుంది, కాని పిల్లలకు ఊపిరి పీల్చుకునే ఏడాది అంటూ మిగలదు. లేకపోతే ఆ ఊపిరి పీల్చుకునే ఏడాదిని కోచింగ్ ఆక్రమిస్తుంది. ఖాళీగా వదిలిన ఏ గంటా ఖాళీగా ఉండదన్న ఈ అనుభవాన్ని ఈ చర్చలోని వాదాలన్నీ ఏదో ఒక చోట ఎదుర్కోక తప్పలేదు.

తగ్గింపువాదం

మొదటి వాదం సిలబస్‌నే కుదించాలంటుంది. రాజ్యసభకు నామినేటైన ఆర్. కె. నారాయణ్ అక్కడ పిల్లల పుస్తకాల సంచుల బరువు గురించి మాట్లాడడం, అటుపై ప్రొఫెసర్ యశ్‌పాల్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1993లో ‘భారం లేని అభ్యసనం’ అన్న నివేదిక ఇవ్వడం ఈ వాదానికి జాతీయస్థాయి పునాది. ఆ నివేదికను సిలబస్ కోతకు సమర్థనగా ఉదహరించేవారు ఎక్కువ. నిజానికి అది సంచి బరువుకన్నా అర్థంకాకపోవడమనే బరువే ప్రమాదకరమని చెప్పింది. అంటే దాని ఫిర్యాదు ప్రధానంగా లోతు లేమి మీద.

కోవిడ్ కాలంలో ఈ వాదానికి అనుకోని ప్రయోగశాల దొరికింది. 2020 జులైలో సిబిఎస్‌ఈ 9 నుంచి 12 తరగతుల సిలబస్‌ను ఆ ఏడాదికి దాదాపు 30 శాతం తగ్గించింది. 2022లో ఎన్‌సిఇఆర్‌టి పుస్తకాల నుంచి కొన్ని అధ్యాయాలు శాశ్వతంగా తొలగిపోయాయి. 2024కు జేఈఈ మెయిన్, నీట్ సిలబస్‌లు కూడా తగ్గాయి. అయినా సీట్ల సంఖ్యకూ అభ్యర్థుల సంఖ్యకూ మధ్యనున్న దూరం తగ్గలేదు కనుక పోటీ తీవ్రత అలాగే ఉంది. పాఠాలు తగ్గితే మిగిలిన పాఠాల మీద ప్రశ్నలు మరింత మెలికలు తిరుగుతాయి, లేదా అవే ప్రశ్నలను మరింత వేగంగా చేయడమే విజయానికి కొలమానమవుతుంది. ఇది తగ్గింపువాదపు ప్రధాన బలహీనత. పిల్లల మానసిక స్థితిపై దాని ఆందోళన మాత్రం సత్యదూరమైనది కాదు: ఆంధ్రప్రదేశ్‌లో కళాశాల విద్యార్థుల ఆత్మహత్యలపై 2001లో నీరదారెడ్డి సంఘమూ, 2017లో చక్రపాణి సంఘమూ నియమితమయ్యాయి. పదహారేళ్ల ఎడంలో ఒకే విషయంపై రెండు సంఘాలు అవసరం కావడమే ఒక వ్యాఖ్య.

ప్రమాణవాదం

రెండో వాదం ప్రకారం ఆఖరి ఏడు విశ్వవిద్యాలయానికి గుమ్మం. అక్కడ మెట్టు తగ్గిస్తే విద్యార్థి తరువాతి గదిలో తడబడతాడు. ఇంటర్ గణితంలో కలనగణితం బలంగా రాని విద్యార్థి ఇంజినీరింగు మొదటి సెమిస్టర్‌లోనే చతికిలపడడం అధ్యాపకులందరికీ తెలిసిన విషయమే. దీనికి మరో సామాజిక కోణం ఉంది: ఇంట్లో చదువు చెప్పేవారు లేని పిల్లవాడికి కఠినమైన పాఠం దొరికే చోటు బడి ఒక్కటే గనుక, బడిలో లోతు తగ్గించడం అంటే దాన్ని డబ్బిచ్చి బయట కొనుక్కోగలిగినవారికి అప్పగించడమే. ఈ రెండో తర్కం తరచు వినపడదు గాని మొదటిదానికన్నా బరువైనది.

సిబిఎస్‌ఈ 2024-25 నుంచి 11, 12 తరగతుల ప్రశ్నపత్రాల్లో సామర్థ్య ఆధారిత ప్రశ్నల వాటాను 40 నుంచి 50 శాతానికి పెంచడం ఈ వాదానికి దగ్గరగా ఉన్న చర్య. సామర్థ్య ఆధారిత ప్రశ్న అంటే పుస్తకంలోని వాక్యాన్ని తిరిగి రాయమనకుండా, ఒక పరిస్థితినిచ్చి దానికి జ్ఞానాన్ని అన్వయించమనేది. గంటలు పెంచకుండా లోతు పెంచడం దీని ఆశయం. పుదుచ్చేరి ప్రభుత్వ పాఠశాలల తొలి సిబిఎస్‌ఈ బృందం 2025లో ఆ కొత్త పత్రాలనే ఎదుర్కొంది. పదో తరగతి దాకా తమిళనాడు పద్ధతిలో చదివి రెండేళ్లలో మరో పద్ధతికి మారిన ఆ పిల్లలకు లోతుగా ఉద్దేశించినది ఎంతవరకు లోతుగా అందిందో, ఎంతవరకు కేవలం కొత్త బరువుగా మారిందో వేరుచేసి చెప్పడం సులభం కాదు. గుమ్మం ఎత్తు పెంచేటప్పుడు దానికి మెట్లు ఏ తరగతి నుంచి కట్టాలన్న ప్రశ్నను ప్రమాణవాదులు సాధారణంగా దాటవేస్తారు.

ఎంపిక పద్ధతే మూలమన్న వాదం

మూడో వాదం సిలబస్‌ను వదిలి, సీటు ఎలా ఇస్తారన్నదాన్ని పట్టుకుంటుంది. దీనిలో మళ్లీ రెండు పాయలున్నాయి. ప్రవేశపరీక్షలో బోర్డు మార్కులకు వాటా ఇస్తే తరగతిగదికి విలువ దక్కుతుందని ఒక పాయ. రెండింటినీ కలపడమంటే రెండు తలనొప్పులనూ కలపడమేనని మరో పాయ.

అనుభవం ఎటూ స్థిరంగా మొగ్గలేదు. జేఈఈ మెయిన్ ర్యాంకులో 2013 నుంచి 2016 వరకు పన్నెండో తరగతి మార్కులకు 40 శాతం వాటా ఇచ్చారు. వేర్వేరు మండళ్ల మార్కులను ఒక కొలతకు తెచ్చే గణన వివాదాస్పదమై 2017 నుంచి ఆ వాటాను ఎత్తివేశారు. ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకు ఉన్న 25 శాతం వెయిటేజీని తెలంగాణ 2023లో రద్దుచేసింది. వెయిటేజీ పోతే విద్యార్థికి ఒక పరీక్ష తగ్గినట్టే కనిపిస్తుంది, కాని ఆ వెంటనే తరగతిగది ఖాళీ అవుతుంది. పేరుకు ఒక బడిలో నమోదై, రోజంతా కోచింగ్ కేంద్రంలో గడిపే ‘డమ్మీ స్కూలు’ పద్ధతికి అదే ఊతం. సిబిఎస్‌ఈ 75 శాతం హాజరు నిబంధనను గట్టిగా గుర్తుచేయవలసి వచ్చింది ఇందుకే. వెయిటేజీ ఉంటే బడి బతుకుతుంది, కాని ఒక్క పత్రంలో పోయిన నాలుగు మార్కులు ర్యాంకును వేల స్థానాలు జార్చగల భయం ప్రతి యూనిట్ టెస్టులోకీ పాకుతుంది.

వైద్యవిద్య విషయంలో పుదుచ్చేరి, తమిళనాడు రెండూ జాతీయ ప్రవేశపరీక్షకు లోబడక తప్పలేదు. 720 మార్కులకు 180 ప్రశ్నలుండే నీట్ తమిళనాడులో 2017 నుంచి పూర్తిగా అమలుకావడంతో, అంతకు పదేళ్ల ముందు తొలగించిన ‘రెండు చదువుల’ స్థితి వెనక్కి వచ్చింది. దీనికి ప్రతిక్రియ సిలబస్‌లో కాక కోటాలో వచ్చింది: ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు తమిళనాడు 2020లో 7.5 శాతం, పుదుచ్చేరి 2023లో 10 శాతం వైద్య సీట్లు కేటాయించాయి. ఈ మొత్తం చర్చలో అంతగా గుర్తింపు దక్కని ఉపాయం బహుశా ఇదే. పోటీని ఒకే రకమైన బడుల నుంచి వచ్చినవారి మధ్యకు కుదించడం వల్ల, పరీక్ష కాఠిన్యాన్ని ఏమాత్రం తగ్గించకుండానే, గెలవడానికి కావలసిన గంటల సంఖ్యను అది తగ్గించగలదు.

కోచింగ్‌ను నియంత్రించే మార్గమూ ఈ మూడో వాదంలోనిదే. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు 16 ఏళ్లలోపు వారిని కోచింగ్‌లో చేర్చుకోరాదనీ, రోజుకు 5 గంటలు మించి తరగతులు నడపరాదనీ చెప్పాయి. విశాఖపట్నంలో నీట్‌కు తయారవుతున్న ఒక విద్యార్థిని మరణం నేపథ్యంగా సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన తీర్పు, మార్కులనుబట్టి విద్యార్థులను బ్యాచ్‌లుగా విడదీయడాన్ని వీలైనంతవరకు మానుకోవాలని విద్యాసంస్థలను ఆదేశించింది. తెలుగునాట సెక్షన్ పేరు వింటేనే పిల్లవాడి ర్యాంకును ఊహించే అలవాటున్న తల్లిదండ్రులకు ఇది మామూలు మార్పు కాదు. అయితే కోచింగ్ కేంద్రానికి 5 గంటల హద్దు గీసినా, జూనియర్ కళాశాలే కోచింగ్ కేంద్రమైన చోట ఆ హద్దు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నిర్ణయించడం కష్టం.

పుదుచ్చేరిలోని రెండు మినహాయింపులు

ఆశ్రమ విద్యాకేంద్రం మూలాలు 1943లో మొదలైన చిన్న బడిలో ఉన్నాయి. విద్యార్థి తన గతిని తానే నిర్ణయించుకునే ‘స్వేచ్ఛా ప్రగతి’ పద్ధతిలో అక్కడ పట్టా కోసం చదివే అవసరం లేదు కనుక బరువు సమస్యే తలెత్తదు. దీన్ని ఆదర్శంగా చూపేవారున్నారు. పట్టా లేకుండా బయటి ప్రపంచంలో నెగ్గుకు రాగల కుటుంబాలు ఎన్ని అన్న ప్రశ్నను అంతే న్యాయంగా వేసేవారూ ఉన్నారు. సార్వత్రిక విధానానికి ఇది నమూనా కాలేదు, కాని లోతుకు పరీక్ష తప్పనిసరి కాదని మాత్రం చూపగలిగింది.

ఫ్రెంచి బాకలోరియా మరింత పనికొచ్చే పోలిక. 2021 నుంచి అమలైన సంస్కరణ ప్రకారం విద్యార్థి చివరికి ముందరి ఏడు మూడు ప్రత్యేక విషయాలు, వారానికి ఒక్కొక్కటి 4 గంటల చొప్పున చదివి, ఆఖరి ఏడు వాటిలో ఒకదాన్ని వదిలేసి మిగిలిన రెండింటినీ వారానికి 6 గంటల చొప్పున లోతుగా చదువుతాడు. మొత్తం మార్కుల్లో 40 శాతం ఏడాది పొడవునా జరిగే మదింపు నుంచీ, 60 శాతం ఆఖరి పరీక్షల నుంచీ వస్తాయి. ఏ ప్రత్యేక విషయాలు ఎంచుకున్నా అందరికీ తత్త్వశాస్త్రం తప్పదు. నాలుగు గంటలు కూర్చొని ఒక ప్రశ్న మీద వ్యాసం రాయాలి. అంటే కష్టం పెరిగే ఏట విషయాల సంఖ్య తగ్గుతుంది.

ఇంటర్మీడియట్ దీర్ఘకాలం అనుసరించిన నమూనాలో ఈ తగ్గుదల కనిపించదు. ఎంపీసీ విద్యార్థి మొదటి ఏడు 470 మార్కులకు, రెండో ఏడు ప్రాక్టికల్స్‌తో కలిపి 530 మార్కులకు పరీక్ష రాసేవాడు; ఇంగ్లీషు, రెండో భాష, రెండు గణిత పత్రాలు, భౌతిక, రసాయన శాస్త్రాలు రెండేళ్లూ అదే వరుసలో ఉండేవి. ఫ్రెంచి పద్ధతిలో ఆఖరి ఏడు గరాటులా సన్నబడితే, ఇంటర్‌లో అది మరో అంతస్తులా పైకి లేచేది. కఠినత్వమూ తేలికదనమూ ఒకేసారి సాధ్యమా అన్న ప్రశ్నకు లీసే ఇచ్చే జవాబు సాధ్యమేనన్నది. ఆ జవాబుకు షరతు కూడా ఉంది: పెద్ద సంఖ్యలో విశ్వవిద్యాలయ సీట్లూ, అంతర్గత మదింపుపై సమాజానికి నమ్మకమూ. రెండోది మన దగ్గర కొరత. ప్రాక్టికల్స్‌లో 30కి 30 వేయడం సర్వసాధారణమైన చోట 40 శాతం అంతర్గత మార్కులు ఏ రూపు దాలుస్తాయో ఊహించడానికి పెద్ద ప్రజ్ఞ అక్కర్లేదు.

సరిహద్దులు దాటి

విదేశీ అనుభవాలు పై వాదాలను తలకిందులు చేయవు గాని కొన్ని అంచులను పదును పెడతాయి. దక్షిణ కొరియాలో సియోల్ నగరం ట్యూషన్ కేంద్రాలకు రాత్రి 10 గంటల హద్దు పెట్టింది. చైనా 2021లో తెచ్చిన ‘రెండు తగ్గింపుల’ విధానం ప్రధానంగా తొమ్మిదో తరగతి దాకా ఉన్న నిర్బంధవిద్యకు గురిపెట్టింది, అసలు పోటీ జరిగే చివరి మూడేళ్లకు కాదు. అమెరికాలో ప్రశ్నే వేరు: అక్కడ 1955లో మొదలైన అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులను ఎన్నింటిని నెత్తికెత్తుకోవాలో విద్యార్థే నిర్ణయించుకుంటాడు కనుక, బరువు ఒక ఎంపికగా కనిపిస్తూనే పోటీవల్ల నిర్బంధంగా మారుతుంది. భారతీయ కుటుంబాలు అధికంగా ఉన్న న్యూజెర్సీలోని వెస్ట్ విండ్సర్-ప్లెయిన్స్‌బొరో విద్యాజిల్లా 2015లో మధ్యంతర, వార్షిక పరీక్షలను ఎత్తివేయగా వలస కుటుంబాల్లో చాలామంది వ్యతిరేకించారు. పరీక్షే తమను పైకి తెచ్చిన నిచ్చెన అనుకునేవారికి దాన్ని తొలగించడం దయగా తోచదు. ఈ మనస్తత్వం గుంటూరులోనూ ప్లెయిన్స్‌బొరోలోనూ ఒకటే.

తేలకుండా మిగిలినవి

ఈ వాదాలన్నిటి మధ్య మూడు విషయాలు అనిర్ణీతంగానే ఉన్నాయి. మొదటిది కొలత. కౌమారంలో ఉన్నవారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్రావైద్య నిపుణులు చెబుతున్నా, ఒక పాఠ్యప్రణాళికను ఆమోదించేటప్పుడు అది విద్యార్థి రోజులో ఎన్ని గంటలు తీసుకుంటుందని లెక్కగట్టడం ఆనవాయితీగా లేదు. మార్కులకు బ్లూప్రింట్ ఉంది, గంటలకు లేదు. రెండోది లోతుకు కావలసిన ఉపాధ్యాయుడు: ప్రశ్నపత్రం మార్చడం ఒక ఏడాది పని, దానికి తగ్గట్టు బోధన మారడం ఒక తరం పని, ఈ రెండింటి మధ్య కాలంలో పరీక్ష రాసే పిల్లల విషయంలో న్యాయం ఎలా చేయాలన్నది ఎవరూ తేల్చలేదు.

మూడోది భాష. ఇంటర్‌లో రెండో భాషకు 100 మార్కులున్నా, ఎంపీసీ, బైపీసీ విద్యార్థులు చాలాకాలంగా తెలుగును వదిలి సంస్కృతాన్ని ఎంచుకోవడానికి కారణం దేవభాష మీది భక్తి కాదు, తక్కువ శ్రమతో ఎక్కువ మార్కులు రావడం; భారాన్ని తగ్గించుకునే తొలి ప్రయత్నం మాతృభాష మీదే పడింది. సిబిఎస్‌ఈ పథకంలోనైతే పన్నెండో తరగతి అయిదు విషయాల్లో ఒక్క భాష చాలు, అది ఇంగ్లీషైతే సరిపోతుంది. యానాం వంటి చోట ఆఖరి ఏట విద్యార్థి మోసే విషయాల జాబితా ఈ లెక్కన తేలికపడినప్పుడు, అందులోంచి జారిపోయేది తెలుగే అయితే, దాన్ని భారం తగ్గడంలో జమకట్టాలా, లోతు తగ్గడంలో జమకట్టాలా అన్నది పాఠ్యప్రణాళికా రచయితలు ఇంకా చర్చకు తీసుకోని ప్రశ్న.